ఉప్పు పైకి, చింతపండు కిందికి

నర్సీపట్నంలో బస్సెక్కగానే అమ్మ నా చేతిలో రెండు నిమ్మాకులు పెట్టేది. నలిపి వాసన చూసుకుంటూ కూర్చోమనేది. డౌనూరు దాకా నిమ్మాకులు బాగానే పనిచేసేవి. అక్కణ్ణించి ఘాట్ రోడ్డు. బస్సు మూలుగుతూ ఒక్కో మలుపూ తిరుగుతుంటే నా కడుపులోనూ ఏదో తిరిగేది. సగం ఘాట్ ఎక్కాక రోడ్డు పక్కన ఒక ముసలి పనసచెట్టు ఉండేది. సరిగ్గా అక్కడే ఇక నా వల్ల అయ్యేది కాదు. ఆ రూట్లో తిరిగే కండక్టరుకి కూడా అలవాటైపోయింది. "డిపో బాబుగారి పాపకి పనసచెట్టొచ్చీసింది, ఓపాలి ఆపరా" అని డ్రైవరుకి కేకేసేవాడు. బస్సంతా నవ్వేది. నేను దిగి, పని కానిచ్చి, అమ్మ పోసిన నీళ్ళతో మొహం కడుక్కుని తలెత్తేసరికి చల్లటి గాలి తగిలేది. కింద నర్సీపట్నంలో చెమటలు, ఇక్కడ చలి. మన్యం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ గాలే.

1979లో నాన్నకి చింతపల్లి బదిలీ అయినప్పుడు నాకు ఆరేళ్ళు. మాది అనకాపల్లి. బెల్లం వాసన తప్ప ఇంకో వాసన తెలియని ఊరు. బదిలీ మాట వినగానే మామ్మ ఏడుపు లంకించుకుంది. "మన్నెం జొరం తగిల్తే మడిసి మిగల్డర్రా" అని. ఆమె భయం ఉత్తిది కాదు. అప్పట్లో ఆఫీసర్లకి ఏజెన్సీ బదిలీ అంటే శిక్ష కిందే లెక్క. మలేరియా రాకుండా ఒక్క ఏడాది గడిపిన ఉద్యోగి ఉంటే వాణ్ణి వింతగా చూసేవారు. మాకూ వచ్చింది, ఇంట్లో అందరికీ, వరసగా. డీడీటీ కొట్టడానికి వచ్చిన మనుషులు గోడల మీద తేదీ రాసి వెళ్ళేవారు. ఆ తెల్ల మరకల వాసనా, చేదు మాత్రలూ నా చిన్నతనంలో భాగం.

"ఏజెన్సీ" అనే మాట నన్ను చాలా ఏళ్ళు తికమక పెట్టింది. అనకాపల్లిలో గ్యాస్ ఏజెన్సీ ఉంది, పేపరు ఏజెన్సీ ఉంది. ఇన్ని కొండలకి ఏజెన్సీ అని పేరేమిటి? నాన్న చెప్పిన జవాబు పెద్దయ్యాక గానీ బుర్రకెక్కలేదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేశారు. మైదానాల్లో నడిచే మామూలు చట్టాలు అక్కడ నడవవు. కలెక్టరే గవర్నరుకి ఏజెంటుగా పాలిస్తాడు. ఏజెంటు పాలించేది కాబట్టి ఏజెన్సీ. దొరలు వెళ్ళిపోయారు, మాట మాత్రం కొండకి జిగురులా అంటుకుపోయింది. ఇప్పటికీ మావాళ్ళు "ఏజెన్సీ మీదికి ఎల్తన్నాం" అంటారు. మీదికి. చూశారా, ఊరు కాదు, మేడ ఎక్కినట్టు.

నాన్న గిరిజన కార్పొరేషన్ డిపోలో గుమాస్తా. విశాఖపట్నంలో హెడ్డాఫీసు ఉన్న ఈ సంస్థ 1956లో పుట్టింది. దాని పని రెండు రకాలు. అడవిలో దొరికేది గిరిజనుల దగ్గర కొనడం, వాళ్ళకి కావలసిన బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, సబ్బు అమ్మడం. అంటే లారీ వచ్చేటప్పుడు ఉప్పు తెచ్చేది, వెళ్ళేటప్పుడు చింతపండు తీసుకెళ్ళేది. నా లెక్కల పుస్తకం కన్నా ముందు నాకు అర్థమైన అర్థశాస్త్రం ఇదే.

డిపో అంటే ఒక పొడవాటి పెంకుటిల్లు. అందులో ఒక్కో మూలకి ఒక్కో వాసన. మాఘం వెళ్ళేసరికి చింతపండు గుట్టలు, నోట్లో నీళ్ళూరే పులుపు. ఇంకోపక్క కరక్కాయలు, అవి తోళ్ళు పదును చేసే కార్ఖానాలకి. కుంకుళ్ళు, శీకాయ, కొండచీపుళ్ళు. అగరొత్తుల పిండికి జిగురునిచ్చే నరమామిడి చెక్క. ముష్టిగింజలు, మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, విషం. తపసి బంక ఒక్కటే నాకు మిస్టరీ. చెట్టు కారిన కన్నీళ్ళలా గడ్డలు గడ్డలుగా, కొంచెం వెనిగర్ కంపుతో ఉండేది. అదే అన్నిట్లోకీ ఖరీదైనది, ఓడెక్కి విదేశాలకి పోతుందని నాన్న చెబితే నేను నమ్మలేదు. ఇంత కంపు కొట్టేది ఎవరు కొంటారు? చిల్లగింజలు మాత్రం బాగా తెలుసు. వానాకాలం బురదనీళ్ళు వస్తే అమ్మ కుండ లోపలి అంచుకి చిల్లగింజ అరగదీసేది. గంటకి మట్టంతా అడుక్కి దిగిపోయి నీళ్ళు తేటపడేవి.

తేనె వచ్చే రోజులు వేరు. కొండ చరియకి తాళ్ళు కట్టుకుని దిగి, పొగబెట్టి తీసిన తేనె. డబ్బాల్లో, ఆనపబుర్రల్లో తెచ్చేవారు. నాన్న రుచి చూసే నెపంతో నా అరచేతిలో ఒక చుక్క వేసేవాడు. పూత మారితే తేనె రంగు మారిపోయేది. ఒకసారి బంగారంలా, ఇంకోసారి బెల్లప్పాకంలా.

అడ్డాకుల కట్టలు తెచ్చే ఒకావిడ ఉండేది. మేం ఆకులప్ప అనేవాళ్ళం, అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు సిగ్గేస్తుంది. భగత తెగ ఆవిడ. ముక్కుకి మూడు పోగులు, నెత్తిన తన ఎత్తున ఉన్న ఆకుల మోపు. అడవిలో అడ్డతీగ చెట్లని చుట్టుకుంటూ పైకి పాకుతుంది. దాని జంట ఆకులు కోసి, ఎండబెట్టి, వెదురు ఈనెలతో కుడితే విస్తరి. అన్నవరం ప్రసాదం పొట్లం కట్టే ఎండుటాకు ఉంది చూడండి, ఆ ఆకే. గోధుమరవ్వ ప్రసాదానికి వచ్చే ఆ ప్రత్యేకమైన వాసనలో సగం వాటా అడ్డాకుది. ఎప్పుడు అన్నవరం వెళ్ళినా నేను ప్రసాదం తినేసి ఆకు వాసన చూస్తాను. మా ఆయన చూడనట్టు మొహం తిప్పుకుంటాడు.

ఆకులప్ప కాటా ముల్లు ఎప్పుడూ చూసేది కాదు. నాన్న మొహం చూసేది. "ఏటి బాబూ, ఎంతయింది?" అనేది. నాన్న చెప్పిన అంకెకి తలూపి, డబ్బు కొంగున ముడేసుకుని, ఉప్పు అడిగేది. ఆ చూపు నాన్నని ఇబ్బంది పెట్టేదని నాకు చాలా ఏళ్ళ తరవాత చెప్పాడు. "ముల్లు చూసేవాడితో బేరం సుళువమ్మా, మొహం చూసేవాళ్ళతో కష్టం" అన్నాడు. డిపోలు రాకముందు మైదానాల నుంచి వచ్చిన సాహుకార్లు ఉప్పూ గుడ్డా అప్పిచ్చి, పంట చేతికొచ్చేసరికి వాళ్ళు చెప్పిన ధరకి పట్టుకుపోయేవారట. అప్పు పత్రాల్లోంచి భూములు కూడా పోయాయి. అందుకే 1959లో భూమి బదలాయింపు నిబంధనలు, 1970లో వాటికి పదును పెట్టిన సవరణ. అక్కడ ప్రతివాడి నోటా ఆ సవరణ "వన్ ఆఫ్ సెవెంటీ" అనే పేరుతో నలిగేది. గిరిజనేతరుడు ఏజెన్సీలో భూమి కొనకూడదు, గిరిజనేతరుడి దగ్గర కూడా. కాబట్టి మేం ఉన్న ఎనిమిదేళ్ళూ అద్దె ఇల్లే. మా పక్కింటి మేష్టారు మూడు సెంట్లు కొనుక్కుందామని ఎన్ని దారులు వెతికారో. చట్టం మీద ఆయన విసుక్కుంటుంటే నేనూ ఔనౌననేదాన్ని. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇదే చట్టం ఆధారంగా ప్రైవేటు గనుల లీజులు చెల్లవని చెప్పినప్పుడు గానీ, ఆ మూడు సెంట్ల వెనక ఎన్ని కొండలున్నాయో నాకు తెలిసిరాలేదు.

బుధవారం చింతపల్లి సంత. మంగళవారం రాత్రి నుంచే మనుషులు దిగడం మొదలు. మగవాళ్ళ భుజాన కావిళ్ళు, ఆడవాళ్ళ నెత్తిన బుట్టలు, వాటి మీద పసిపిల్లలు, వెనకాల కుక్కలు. పసుపు, పిప్పలమోడి, రాజ్‌మా చిక్కుళ్ళు, అనాసలు, చోళ్ళు, సామలు. కిలోల కాటా ఉన్నా కుంచంతో కొలిస్తేనే చాలామందికి నమ్మకం. కొలిచేవాడు కుంచం మీద గోపురం కట్టాడా, చెయ్యిపెట్టి చదును చేశాడా అన్నదే మొత్తం బేరం. సాయంత్రానికి జీలుగుకల్లు బుర్రలు ఖాళీ అయ్యేవి, థింసా అడుగులు మొదలయ్యేవి. అమ్మ మమ్మల్ని లోపలికి లాగి తలుపేసేది. కిటికీ ఉందని మర్చిపోయేది.

మా బడికి వెళ్ళే దారిలో పోలీసు స్టేషను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు దాడి చేసింది చింతపల్లి స్టేషను మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడింట్లో కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాల దాకా పట్టుకుపోయారు. మా మేష్టారు ఈ పాఠం క్లాసులో చెప్పలేదు, నడిపించి చెప్పారు. స్టేషను ముందు నిలబెట్టి, "ఇక్కడికే వచ్చాడర్రా" అన్నారు. లోపల్నుంచి ఓ కానిస్టేబులు బనీనుతో బయటికొచ్చి మమ్మల్ని అనుమానంగా చూశాడు. మేం నలభైమంది ఒక్కసారి పారిపోయాం.

అసలు కథ పాఠంలో కన్నా రోడ్డులో ఉందని తరవాత తెలిసింది. మా బస్సు ఎక్కే ఆ ఘాట్ దారి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు కొట్టనివ్వలేదు, వంటచెరుకు తెచ్చుకోనివ్వలేదు. ఆ మీద గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా రోడ్డు వేయిస్తూ కొండవాళ్ళని వెట్టికి తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు మాట్లాడినవాణ్ణి కొట్టించాడు. పితూరీకి, అంటే తిరుగుబాటుకి, నిప్పు పడింది అక్కడ. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు రాజుతో కలిసింది ఆ కసితోనే. 1922 సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో కాపుకాసి కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని చంపారు. 1924 మే 7న రాజుని కొయ్యూరులో కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, అందరూ కె.డి.పేట అంటారు. గంటందొర కూడా పోయాడు. మల్లుదొర జైలుశిక్ష అనుభవించి బతికి బయటికొచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ సంగతి మా మేష్టారికి తెలుసో లేదో గానీ మాకు చెప్పలేదు. వీరుడు చనిపోవడంతో పాఠం అయిపోవాలి కదా మరి.

నేను ఏ పనసచెట్టు కింద కడుపు ఖాళీ చేసుకున్నానో ఆ రోడ్డు బండలు ఎవరి వీపుల మీద ఎక్కాయో అప్పుడు ఎవరు చెబుతారు?

మార్చి నెలాఖరుకి రాత్రిళ్ళు ఎదురు కొండల మీద మంటలు కనిపించేవి. దీపావళి దండలు వేలాడదీసినట్టు, వంకర్లు తిరుగుతూ. పోడు కాలుస్తున్నారు. చెట్లు నరికి, ఎండనిచ్చి, నిప్పుపెట్టి, వానలకి ముందు ఆ బూడిదలో సామలు, కొర్రలు, కందులు, చోళ్ళు కలగలిపి చల్లేవారు. ఒకటి పోయినా ఇంకోటి తిండి పెడుతుంది. రెండు మూడేళ్ళకి నేల అలిసిపోతే దాన్ని వదిలి ఇంకో వాలు. అడవి తిరిగి పెరగడానికి వ్యవధి ఉన్నంతకాలం ఈ లెక్క కుదిరింది. జనం పెరిగి, అడవి తరిగి, వ్యవధి తగ్గాక కుదరలేదు. ఫారెస్టు వాళ్ళు పోడు అంటే బూతు మాటలా పలికేవారు. నేనైతే ఇప్పటికీ ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోలేను. చోడి అంబలి తాగి పెరిగిన పిల్లలతో కూర్చుని చదువుకున్నాను, బోడికొండలూ చూశాను.

ఏప్రిల్లో ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి అడవిలోకి, ఆడవాళ్ళు రోడ్డు మీదకి. దారికి అడ్డంగా వెదురుబొంగు పెట్టి వచ్చేపోయే బళ్ళని ఆపి, పాటలు పాడి డబ్బులడిగేవారు. బస్సైనా జీపైనా ఇవ్వనిదే కదలనిచ్చేవారు కాదు. నాన్న ఏడాది పొడుగునా వాళ్ళకి తూకం వేసేవాడు, ఆ రోజు వాళ్ళు నాన్నకి వేసేవారు. "డిపో బాబు ఇంతేనా?" అని రెట్టించి వసూలు చేసిన ఆకులప్పని చూసి నేను నోరెళ్ళబెట్టాను. అంత గొంతు ఆవిడకి ఉందని నాకు తెలియదు.

కాఫీ సంగతి చెప్పకపోతే ఇప్పటివాళ్ళు ఒప్పుకోరు. మా రోజుల్లో కాఫీ అంటే ఆర్.వి. నగర్ వైపు అటవీ అభివృద్ధి సంస్థ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. వేసవిలో మొదటి జల్లు పడ్డ వారానికి తోటంతా తెల్లగా పూసి, జీపులో వెళ్తుంటే మల్లెపూల బుట్టలో కూర్చున్నట్టుండేది. నవంబరు నుంచి ఎర్రటి పళ్ళు కోత. కూలికి వెళ్ళి కోసేవాళ్ళలో ఆ కాఫీ తాగినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. మాకు తెలియకుండానే అప్పుడే ఇంకో మార్పు మొదలైంది. ఐటీడీఏ, అంటే గిరిజనాభివృద్ధి సంస్థ వాళ్ళు పోడు భూముల్లోనే గిరిజనులకి కాఫీ మొక్కలిచ్చి నాటించడం. "మూడేళ్ళు ఆగాలట, ఈలోగా ఏటి తింటాం" అని డిపో అరుగు మీద నవ్వుకున్న వాళ్ళ మాటలు నేను విన్నాను. ఇవాళ పాడేరు డివిజన్‌లో గిరిజనుల కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ళ ముందు పారిస్‌లో ఆ పేరుతో దుకాణమే తెరిచారు. మరి ఆ తపసి బంక కూడా ఓడెక్కిందనే కదా నాన్న చెప్పింది. నమ్మాల్సింది.

సీలేరు వైపు నాన్న క్యాంపు వెళ్తే రెండుమూడు రోజులు రాడు. ఒక్కసారి సెలవుల్లో నన్నూ తీసుకెళ్ళాడు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, అక్కణ్ణించి ఇక అడవే అడవి. మాచ్‌ఖండ్ నది మాడుగుల కొండల్లో పుట్టి, ఒరిస్సా సరిహద్దు వెంట తిరిగి, సీలేరుగా పేరు మార్చుకుని, శబరిలో కలిసి గోదారికి చేరుతుంది. "మన వెనక కొండకి ఇటువైపు పడ్డ చినుకు తాండవలో పడి తొందరగా సముద్రం చేరిపోద్ది. అటుపడ్డది భద్రాచలం దిగువన గోదారి చూసి గానీ పోదు" అని నాన్న చెప్పాడు. ఆ నది మీద వరసగా కరెంటు స్టేషన్లు. 1955లో మాచ్‌ఖండ్, ఆ తరవాత ఎగువ సీలేరు, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు. సీలేరు కాలనీ లైట్లతో పెళ్ళిపందిరిలా ఉంది. దాటి రెండు మలుపులు తిరగ్గానే చీకటి. పెద్ద పెద్ద తీగలు మాత్రం ఆ చీకటి ఊళ్ళ నెత్తి మీదుగా మైదానానికి వెళ్తున్నాయి. కిందికి వెళ్ళేవాటి జాబితాలో చింతపండు తరవాత కరెంటుని కూడా రాసుకున్నాను.

చలి గురించి రాయాలంటే వేళ్ళు ఇప్పటికీ కొంకర్లు పోతాయి. లంబసింగికి ఇంకో పేరు కొర్రబయలు. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరట. డిసెంబరులో పొద్దున్న తొమ్మిదైనా మంచు వీడేది కాదు. ఎదురుగా వచ్చే గేదె కూడా గంట చప్పుడుతోనే తెలిసేది. ప్రతి గుమ్మం ముందూ నెగడు. వీధిలో వెళ్ళే ఎవరైనా ఆగి, చేతులు చాచి, ఒక కబురు చెప్పి వెళ్ళేవారు. మా ఊరికి పేపరు మధ్యాహ్నం వచ్చేది, నెగడు దగ్గర వార్తలు పొద్దున్నే తెలిసిపోయేవి. అదే నెలల్లో వలిసె చేలు పూసి, కొండ వాలులన్నీ పసుపు ముద్దలా ఉండేవి. ఆ పసుపు మీద ఆ మంచు. ఫొటో ఒక్కటి కూడా లేదు మా దగ్గర. కెమెరా ఎవరికుంది?

1987 వేసవిలో నాన్నకి కిందికి బదిలీ. ఆ డిసెంబరులో గుర్తేడు అడవుల్లో ఐఏఎస్ అధికారుల్ని నక్సలైట్లు అపహరించిన వార్త రేడియోలో విని మామ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది, మేం ముందే దిగిపోయామని. నాన్న మాత్రం ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. ఆకులప్పకి ఉప్పు దొరుకుతోందో లేదో అని రాత్రి అన్నం దగ్గర అన్నాడు.

ఆ తరవాత నేను చదువు, పెళ్ళి, హైదరాబాదు. జెర్రెల కొండల కింద బాక్సైటు ఉందని, తవ్వితే ఊటలు ఎండిపోతాయని జనం అడ్డం తిరిగారని పేపర్లో చదివాను. 2015లో అటవీ భూమి ఇస్తూ వచ్చిన జీవో 2019లో రద్దయిందీ చదివాను. గంజాయి కేసుల వార్తల్లో మా ఊళ్ళ పేర్లు చూసి పేపరు మడిచేసిన రోజులూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చి దానికి అల్లూరి పేరు పెట్టినప్పుడు నాన్నకి ఫోన్ చేశాను. "ఇక పనిష్మెంటు బదిలీ అనడానికి ఉండదు, జిల్లా కేంద్రం కదా" అని నవ్వాడు.

మొన్న జనవరిలో వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగున్నరకి లంబసింగి ముందు కార్ల బారు, హైదరాబాదు ట్రాఫిక్కే మంచు కప్పుకుని వచ్చినట్టుంది. గుడారాలు, బొంగులో చికెన్, స్ట్రాబెర్రీ తోటలు, మైకుల్లో పాటలు. మా అబ్బాయి ఫోన్లో సున్నాకి ఎంత దగ్గరో చూస్తున్నాడు. మా రోజుల్లో చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళు చెప్పిన డిగ్రీలే పేపర్లో వచ్చేవి, ఇప్పుడూ అవే వస్తున్నాయిట. చింతపల్లిలో డిపో పెంకుటిల్లు లేదు, ఆ జాగాలో స్లాబు. నెగడు కాచుకుంటున్న ఒక ముసలాయన్ని ఆకులప్ప గురించి అడుగుదామని ఆగాను. ఏమని అడగాలి? పేరు తెలియదు కదా. చేతులు చాచి కాసేపు కాచుకుని వచ్చేశాను.

దిగేటప్పుడు పనసచెట్టు మలుపు కోసం కిటికీకి అతుక్కుపోయి చూశాను. చెట్టు ఉంది. ఒకవైపు కొమ్మ కొట్టేశారు. కింద టీ కొట్టు, ఫొటోలు దిగడానికి గుండె ఆకారంలో ఒక ఇనప చట్రం. మా అబ్బాయి "అమ్మా, అక్కడ ఒక ఫొటో" అన్నాడు. రోడ్డు కొత్తది, కారులో ఏసీ ఉంది, నేను యాభై దాటాను. అయినా చెట్టు కనపడగానే నోట్లో నీళ్ళూరడం మొదలైంది. డ్రైవర్ని గబగబా ఆపమన్నాను. వాడు ఫొటో కోసమే అనుకున్నాడు.